క్రోన్‌స్టాట్ మంచు మీద చనిపోయింది ఎవరు? కమ్యూనిస్టు రాజ్యం, అరాజకవాదం, జనం తమంతట తాము కలిసి బతకడం

మంచుబాట

చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇవాళ కూర్చుని రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కమ్యూనిస్టు ప్రభుత్వాల అణచివేత అనగానే మాట నేరుగా స్టాలిన్ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఉక్రెయిన్ కరువు, గులాగ్ అనే ఖైదు శిబిరాలు, 1937 నాటి సామూహిక హత్యలు. లెనిన్ ఉన్నంతకాలం అంతా సవ్యంగానే నడిచింది, తర్వాత వచ్చినవాడు పాడుచేశాడు అని నేనూ ఇరవై ఏళ్ళు నమ్మాను, నమ్మడమే కాదు, పదిమందితో గొంతు పోయేలా వాదించాను. తేదీలు వరసగా రాసుకుని చూస్తే ఆ నమ్మకం నిలబడలేదు. చేకా, అంటే రహస్య పోలీసు, పుట్టింది 1917 డిసెంబర్‌లో, విప్లవం జరిగి రెండు నెలలైనా కాకముందే. జనం ఓట్లేసి ఎన్నుకున్న రాజ్యాంగ సభను 1918 జనవరిలో ఒక్కసారి సమావేశం కానిచ్చి మూసేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మాస్కోలో అరాజకవాదులు (పైన ఏ రాజ్యమూ వద్దనేవాళ్ళు) ఉంటున్న 26 ఇళ్ళ మీద ఒకే రాత్రి చేకా దాడి చేసింది. 1919 మార్చిలో జనం ఏళ్ళ తరబడి సొంతంగా నడుపుకున్న వినియోగదారుల సహకార సంఘాలను ఒక్క డిక్రీతో ప్రభుత్వ పంపిణీ యంత్రంలో కలిపేశారు. స్టాలిన్ పార్టీ జనరల్ సెక్రటరీ అయింది 1922 ఏప్రిల్‌లో. ఇవన్నీ అంతకు ముందువే.

ఇక క్రోన్‌స్టాట్. పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెంట్ పీటర్స్‌బర్గ్) ఎదురుగా సముద్రంలో ఉన్న నౌకాదళ కోట. 1917లో బోల్షెవిక్‌లకు, అంటే లెనిన్ పార్టీకి, కొండంత అండగా నిలిచింది అక్కడి నావికులే. 1921 ఫిబ్రవరి 28న పెట్రోపావ్లోవ్స్క్ అనే యుద్ధనౌక మీద వాళ్ళు ఒక తీర్మానం చేశారు, మొత్తం 15 డిమాండ్లు. రహస్య ఓటుతో సోవియట్లకు, అంటే కార్మికుల, సైనికుల మండళ్ళకు, మళ్ళీ ఎన్నికలు పెట్టండి. కార్మికులకు, రైతులకు, అరాజకవాదులకు, వామపక్ష సోషలిస్టులకు మాట్లాడే స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ ఇవ్వండి. ఖైదు చేసిన సోషలిస్టులను, కార్మికులను, రైతులను వదిలిపెట్టండి. పనిచేసే వాళ్ళందరికీ ఒకే రేషన్ ఇవ్వండి. దారుల్లో కాపలా పెట్టి, పల్లె నుంచి మూటలో తెచ్చుకునే తిండి లాక్కుంటున్న దళాలను తీసేయండి. కూలీలను పెట్టుకోకుండా రైతు సొంతంగా సేద్యం చేసుకుంటే చేసుకోనివ్వండి. ఇందులో పెట్టుబడిదారులను తిరిగి తెమ్మన్న మాట ఎక్కడుంది? జార్ కావాలన్న మాట ఎక్కడుంది? మీరు 1917లో మాకిచ్చిన మాట నిలబెట్టుకోండి అన్నారు, అంతే.

మార్చి 1న యాంకర్ చౌక్‌లో దాదాపు 15 వేలమంది పోగయ్యారు. బోల్షెవిక్ నాయకుడు కాలినిన్ కూడా వచ్చాడు, అతనికి బ్యాండు మేళంతో స్వాగతం చెప్పారు, అతను వ్యతిరేకంగా మాట్లాడినా క్షేమంగా వెనక్కి వెళ్ళనిచ్చారు. మార్చి 7న అవతలి నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. 17 తెల్లవారుజామున ఎర్రసేన సేనాని తుఖాచెవ్‌స్కీ దళం గడ్డకట్టిన సముద్రం మీద నడిచి వచ్చింది. మరుసటి రోజుకల్లా అంతా అయిపోయింది. ఎనిమిది వేలమంది దాకా ఫిన్లండ్ పారిపోయారు, దొరికినవాళ్ళలో రెండువేల మందికి పైగా మరణశిక్షలు పడ్డాయి. 18న పెట్రోగ్రాడ్‌లో పారిస్ కమ్యూన్‌కి, అంటే 1871లో పారిస్ కార్మికులు పెట్టుకున్న పాలనకి, 50 ఏళ్ళు నిండాయని పండగ చేశారు.

అక్కడ చనిపోయింది విప్లవ శత్రువులా, విప్లవాన్ని నమ్మినవాళ్ళా? నాకు సమాధానం దొరికింది. మీరందరూ ఏమంటారో వినాలని ఉంది.

ఎర్రమందారం

మంచుబాట గారూ, మీ ఆవేదన అర్థమైంది, కానీ మీరు కథని సగం నుంచి చెప్తున్నారు. ఆ మూడేళ్ళు రష్యా ఎలా ఉందో ఒక్క వాక్యమైనా రాయాలి కదా. అన్ని వైపుల నుంచీ బోల్షెవిక్‌ల మీద పోరాడే శ్వేత సైన్యాలు, బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్, అమెరికా సైన్యాలు దేశంలో దిగాయి, సరుకు రవాణా దిగ్బంధం, టైఫస్, ఆకలి. పెట్రోగ్రాడ్ జనాభా సగానికి పైగా ఖాళీ అయిపోయింది. ఆ పరిస్థితిలో నగరాన్ని కాపాడే కోట చెయ్యి జారిపోతే, మంచు కరిగాక విదేశీ నౌకలు నేరుగా లోపలికి రావచ్చు. ఆ టెన్షన్ మనం ఇక్కడ కూర్చుని ఊహించలేం.

ఇంకొకటి. అదే మార్చిలో పదో పార్టీ మహాసభలో బలవంతపు ధాన్య సేకరణ ఆపేసి దాని స్థానంలో పన్ను పెట్టారు. అంటే రైతుల గోడు విన్నట్టే కదా. తప్పులు జరగలేదని నేను అనను. కానీ ఎనిమిది గంటల పనిదినం, కోట్లమందికి చదువు, ఆడవాళ్ళకి విడాకుల హక్కు, ఇవి కూడా ఆ ప్రభుత్వమే ఇచ్చింది. మా ఇంట్లో మూడు తరాలు ఈ ఆశ మీద బతికాం. దాన్ని ఒక్క క్రోన్‌స్టాట్‌తో కొట్టిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

తూనీగ

ముందు పదం గురించి ఒక మాట. మనం "అరాచకం" అని రాయగానే చదివేవాడికి దోపిడీ, గూండాయిజం, తగలబడుతున్న బస్సులు కళ్ళముందు కనిపిస్తాయి. అసలు మాట అరాజకం. రాజు లేకపోవడం. రాజు లేకపోతే రచ్చ తప్ప మరొకటి ఉండదని మన భాష ముందే తీర్పు ఇచ్చేసింది, అందుకే ఆ రెండర్థాలూ కలిసిపోయి ఒకటే మాట మిగిలింది. అరాజకవాద సిద్ధాంతకర్తలు క్రొపోట్కిన్, బకూనిన్ చెప్పింది నియమాలు లేని బతుకు కాదండీ. నియమాలు పైనుంచి దిగకూడదు, కలిసి బతికేవాళ్ళు పెట్టుకోవాలి, నచ్చకపోతే మార్చుకునే వీలుండాలి, లేదంటే బయటికి నడిచే దారుండాలి. అందుకే మంచుబాట గారు అరాజకవాదం అని రాయడం నాకు నచ్చింది, అందరం అదే వాడదాం.

లెక్కలమాస్టారు

పదం మారితే పని జరగదు కదండీ. రైళ్ళు ఎవరు నడుపుతారు, ఆసుపత్రికి మందులు ఎవరు తెస్తారు, పక్క ఊరివాడు నీళ్ళు మళ్ళించుకుంటే ఎవరిని అడగాలి? బోల్షెవిక్‌లు దుర్మార్గులు అని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ దానివల్ల అరాజకవాదం పనిచేస్తుందని రుజువైపోదు.

మంచుబాట

ఎర్రమందారం గారికి ముందు.

యుద్ధం వల్ల అణిచారు అంటే, యుద్ధం అయిపోయాక అణచివేత తగ్గాలి. జరిగింది దానికి సరిగ్గా తిరగబడి ఉంది. ఉక్రెయిన్‌లో అరాజకవాది మఖ్నో సంగతి చూడండి. గుల్యాయ్‌పోలే చుట్టుపక్కల రైతులు భూములు పంచుకుని, స్వేచ్ఛా సోవియట్లు పెట్టుకుని, సొంత సేనతో శ్వేత సేనాని దెనీకిన్‌ని ఎదిరించారు. ఇంకో శ్వేత సేనాని వ్రాంగెల్ మీద పోరుకి 1920 అక్టోబర్‌లో ఎర్రసేన వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. నవంబర్‌లో వ్రాంగెల్ క్రిమియా వదిలి ఓడలెక్కాడు. అదే నవంబర్‌లో, పది పదిహేను రోజులు కూడా ఆగకుండా, ఎర్రసేన మఖ్నో మనుషుల మీద పడింది. ప్రమాదం ఉన్నంతసేపూ మిత్రులు, తీరగానే బందిపోట్లు. మఖ్నో గాయాలతో 1921 ఆగస్టులో ద్నీస్తర్ దాటి రుమేనియా చేరాడు, 1934లో పారిస్‌లో పేదరికంలో పోయాడు.

క్రోన్‌స్టాట్ కూడా అంతే, వ్రాంగెల్ ఓడిపోయిన నాలుగు నెలలకి. పైగా మాట్లాడుకునే దారి ఉంది. అరాజకవాదులు అలెగ్జాండర్ బెర్క్‌మన్, ఎమ్మా గోల్డ్‌మన్ అప్పుడు పెట్రోగ్రాడ్‌లోనే ఉన్నారు. వీళ్ళు బోల్షెవిక్‌ల శత్రువులుగా రాలేదు. అమెరికా దేశ బహిష్కరణ చేసి ఓడెక్కిస్తే విప్లవ భూమికి వెళ్తున్నామని కళ్ళనిండా ఆశతో వచ్చినవాళ్ళు. ఐదుగురితో ఒక కమిషన్ వేసి క్రోన్‌స్టాట్‌కి పంపండి, కూర్చుని మాట్లాడితే పరిష్కారం అవుతుంది అని మార్చి 5న పెట్రోగ్రాడ్ బోల్షెవిక్ నాయకుడు జినోవియెవ్‌కి లేఖ రాశారు. దానికి జవాబుగా వచ్చింది 7వ తేదీ ఫిరంగి మోత. ఆ ఏడాది చివరికి ఇద్దరూ రష్యా వదిలేశారు.

ధాన్యం పన్ను నిజమే. కానీ అదే మహాసభ పార్టీ లోపల వర్గాలను కూడా నిషేధించింది. ఫ్యాక్టరీలను కార్మిక సంఘాలకి అప్పగించండి అన్న బోల్షెవిక్ నాయకురాలు కొల్లొంతాయ్ వాళ్ళ కార్మిక ప్రతిపక్షం నోరు అక్కడే మూయించారు. రైతుకి ధాన్యం అమ్ముకోనిచ్చారు, ఎవరికీ మాట్లాడనివ్వలేదు. గోడు వినడం ఇదేనా?

వెన్నెలబాట

మాస్టారు రైళ్ళ గురించి అడిగారు. రైళ్ళ బదులు ట్రామ్‌ల గురించి చెప్తాను, ఎందుకంటే ఇది నిజంగా జరిగింది.

1936 జులై 19న స్పెయిన్‌లోని బార్సిలోనాలో సైనిక తిరుగుబాటును వీధుల్లో అడ్డుకున్నది ఎక్కువగా సి.ఎన్.టి. కార్మికులు. సి.ఎన్.టి. అంటే 1910లో పుట్టిన అరాజక కార్మిక సమాఖ్య. పోరు ముగిసేసరికి ట్రామ్ తీగలు తెగి కిందపడి ఉన్నాయి, పట్టాల మీద బారికేడ్లు, కంపెనీ పెద్దలు పారిపోయారు. ట్రామ్ కార్మికులు తమలో తామే సమావేశమై, తీగలు ఎవరు సరిచేయాలి, పట్టాలు ఎవరు చూడాలి, డిపో ఎవరిది అని పంచుకుని, కొద్ది రోజుల్లోనే బండ్లు నడిపించారు, అదీ ఎరుపు నలుపు రంగులు వేసి. పై అధికారి ఆజ్ఞ లేదు. కండక్టరుకి తన రూటు తెలుసు, ఎలక్ట్రీషియన్‌కి తన తీగ తెలుసు. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. నీళ్ళు, కరెంటు, టెలిఫోన్లు కూడా అలాగే నడిచాయి.

టెలిఫోన్ అన్నాను కదా, కథ మలుపు తిరిగింది అక్కడే. 1937 మే 3న పోలీసులు టెలిఫోన్ ఎక్స్చేంజ్‌ని స్వాధీనం చేసుకోవడానికి లారీల్లో దిగారు, ముందుండి నడిపించినవాడు కమ్యూనిస్టు పార్టీ పోలీసు అధికారి. ఐదారు రోజులు వీధి పోరాటం. ఆ రోజుల్లోనే ఇటలీ అరాజకవాది కమిల్లో బెర్నేరిని ఇంట్లోంచి తీసుకెళ్ళి చంపేశారు, అతను ముస్సోలినీ నుంచి పారిపోయి వచ్చినవాడు. ఆగస్టులో లిస్టర్ నాయకత్వంలోని కమ్యూనిస్టు దళం పక్కనున్న అరగాన్ ప్రాంతంలోకి వెళ్ళి అక్కడి ప్రాంతీయ మండలిని మూసేసింది, సమష్టి క్షేత్రాలను చెదరగొట్టింది. తిరుగుబాటు సైన్యాధిపతి ఫ్రాంకో ఎదురుగా నిలబడి ఉన్నాడు, వీళ్ళు వెనక్కి తిరిగి సొంత రైతుల మీద పడ్డారు.

లెక్కలమాస్టారు

వెన్నెలబాట గారూ, ట్రామ్‌ల సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. కానీ అదే 1936 వేసవిలో స్పెయిన్‌లో ఫాదరీలను, సన్యాసినులను ఎంతమందిని చంపారో కూడా రాయాలి. యుద్ధం ముగిసేసరికి దాదాపు 6,800 మంది. అందులో అరాజకవాద గుంపుల చెయ్యి చిన్నదేమీ కాదు. ఇంకొకటి, ఏ ప్రభుత్వమూ వద్దన్న సి.ఎన్.టి. నుంచే 1936 నవంబర్‌లో నలుగురు మంత్రులయ్యారు. మరి దీన్నేమంటారు?

వెన్నెలబాట

కాదనను మాస్టారూ. ఆ హత్యలు తప్పు, దానికి నేను ఏ సాకూ చెప్పను. నిరాయుధుడైన మనిషిని గోడకి నిలబెట్టి కాల్చినవాడు చేతిలో ఏ జెండా పట్టుకున్నా హంతకుడే. రాజ్యం వద్దు అన్నవాడి చేతికి తుపాకీ వచ్చి, అడిగేవాడు లేకపోతే, వాడే చిన్న రాజ్యం అయిపోతాడు. ఇది మావాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం, బాగా బాధపడి నేర్చుకోవాల్సింది. మంత్రి పదవుల విషయంలో కూడా మీతో ఏకీభవిస్తాను. ఫెడరికా మోంట్సేనీ ఆరోగ్య మంత్రిగా మంచి పనులు చేసింది, అయినా మే నెలలో ఆయుధాలు దించండని రేడియోలో సొంతవాళ్ళకే చెప్పాల్సి వచ్చింది.

గడ్డిపరక

ఇన్నాళ్ళూ చదువుతూ ఉండిపోయేదాన్ని, ఈసారి రాయాలనిపించింది.

సమష్టి వ్యవసాయం అని అరగాన్‌లోనూ అన్నారు, సోవియట్ రష్యాలోనూ అన్నారు. పేరు ఒక్కటే. నేను చూసుకునేది ఒక్కటే ప్రశ్న, నచ్చని మనిషి బయటికి వెళ్ళగలడా?

అరగాన్‌లో నియమం ప్రకారం చేరనివాడు తన చేతులతో దున్నుకోగలిగినంత భూమి ఉంచుకోవచ్చు, కూలీలను మాత్రం పెట్టుకోకూడదు. అన్ని ఊళ్ళలోనూ ఇది నిజాయితీగా జరగలేదు, సాయుధ దళం పక్కనే దిగి ఉంటే భయంతో సంతకం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. అయినా విడిగా సేద్యం చేసుకున్నవాళ్ళు చాలా ఊళ్ళలో కనిపిస్తారు.

అటు చూడండి. 1932 ఆగస్టు 7 చట్టం ప్రకారం సమష్టి క్షేత్రంలో ధాన్యం దొంగిలిస్తే మరణశిక్ష, దయ తలిస్తే పదేళ్ళ జైలు. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకున్నవాళ్ళకి కూడా శిక్షలు పడ్డాయి కాబట్టి జనం దాన్ని వెన్నుల చట్టం అన్నారు. పిల్లలకి గంజి కాచడానికి ఒడిలో నాలుగు వెన్నులు వేసుకున్న తల్లిని ఊహించుకోండి. అదే డిసెంబర్‌లో దేశంలోపలి పాస్‌పోర్టులు తెచ్చారు, పట్నం వాళ్ళకి ఇచ్చారు, పల్లె రైతుకి మాత్రం చాలావరకు ఇవ్వలేదు. 1933 జనవరిలో ఆకలితో ఉక్రెయిన్, దాని పక్క కుబాన్ ప్రాంతం దాటి పోతున్న రైతులను పట్టుకుని వెనక్కి పంపమని ఆదేశం వెళ్ళింది. ఉక్రెయిన్‌లో ఆ కరువుకి పోయినవాళ్ళు ముప్పై ఐదు లక్షల పైనే అని చరిత్రకారులు లెక్క కడతారు. రైతులందరికీ పాస్‌పోర్టు హక్కు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1974లో! మనుషులు చంద్రుడి మీద అడుగుపెట్టి ఐదేళ్ళయ్యాక! గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, లోపలున్నవాళ్ళని కామ్రేడ్ అని పిలిస్తే అది సహకారం ఎలా అవుతుందండీ?

ఎర్రమందారం

గడ్డిపరక గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. వెన్నుల చట్టం నాకు తెలుసు, కానీ 1974 సంగతి నిజంగా తెలియదు.

నిదానం

మాస్టారి నీళ్ళ ప్రశ్న అలాగే ఉండిపోయింది. పక్కవాడు నీళ్ళు మళ్ళించుకుంటే ఎవరిని అడగాలి?

స్పెయిన్‌లోని వలెన్సియాలో శతాబ్దాలుగా దీనికి సమాధానం ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12కి కెథడ్రల్ గుమ్మం దగ్గర, ఆరుబయట, ఎనిమిది కాలవల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులు కూర్చుంటారు. వాళ్ళూ సేద్యం చేసుకునేవాళ్ళే. వకీళ్ళు ఉండరు, కాగితాలు ఉండవు, ఇద్దరూ నోటితో చెప్పుకుంటారు, అక్కడికక్కడే తీర్పు. ఏ కాలవ మీద తగాదా వచ్చిందో ఆ కాలవ ప్రతినిధి ఓటు వేయడు.

స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఇంకో ఉదాహరణ. వేసవిలో ఆవుల్ని పైన ఉమ్మడి పచ్చికకు తోలుతారు. 1517 నాటి కట్టుబాటు ఏమిటంటే, చలికాలంలో నీ సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని మేపగలవో అన్నే పైకి తోలాలి, ఒక్కటి ఎక్కువైనా జరిమానా. ఎవరి కొట్టంలో ఎంత గడ్డి ఉందో ఊరందరికీ కనిపిస్తూనే ఉంటుంది కదా, కాబట్టి అబద్ధం ఆడటం కష్టం. జరిమానా వసూలు చేసే మనిషికి అందులో సగం. పచ్చిక పాడవకుండా వందల ఏళ్ళు నిలిచింది. ఉమ్మడి ఆస్తిని కాపాడాలంటే రాజ్యం గుప్పిట్లోనైనా ఉండాలి, ప్రైవేటు యజమాని చేతిలోనైనా ఉండాలి అన్న వాదనని ఎలినార్ ఆస్ట్రమ్ ఇలాంటి ఊళ్ళు చూపించే తిప్పికొట్టింది, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది ఆ పనికే.

ఆ రైతులెవరూ అరాజకవాదులు కాదు, వాళ్ళ పైన రాజ్యం ఉండనే ఉంది. అది నేను దాచను. కానీ రోజువారీ కట్టుబాటు వాళ్ళు పెట్టుకున్నదే. పైన రాజు ఉన్నా లేకపోయినా కాలవలో నీళ్ళు పారింది ఆ కట్టుబాటు వల్ల.

లెక్కలమాస్టారు

ఇది ఒప్పుకుంటాను. చిన్న చోట, ఒకరి ముఖం ఒకరికి తెలిసిన చోట పనిచేస్తుంది. నా అనుమానం పెద్ద నగరం గురించి, ఇంకా ముఖ్యంగా తుపాకులతో వచ్చే శత్రువు గురించి. మఖ్నో ఓడిపోయాడు, బార్సిలోనా ఓడిపోయింది.

ఎర్రమందారం

మాస్టారూ, మీకు నేను సమాధానం చెప్తే వింతగా ఉంటుందేమో, కానీ రాత్రంతా నిద్ర పట్టక ఒక విషయం తిరుగుతూనే ఉంది.

హంగరీ, 1956. నన్ను చిన్నప్పటి నుంచి గుచ్చేది అదే, ఇంట్లో అడిగితే ప్రతీఘాతుక విప్లవం అని ఒక్క మాటతో ముగించేవాళ్ళు. నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చాయి. పది రోజుల తర్వాత, ట్యాంకులు వీధుల్లో ఉండగానే, నగరం మొత్తం ఫ్యాక్టరీల నుంచి ప్రతినిధులు వచ్చి కేంద్ర కార్మిక మండలి పెట్టుకున్నారు. అధ్యక్షుడు షాండోర్ రాట్స్, ఇరవై మూడేళ్ళ పనివాడు. ఫ్యాక్టరీలు పాత యజమానులకి తిరిగివ్వం, మావి మేమే నడుపుకుంటాం అన్నారు. ఇది పెద్ద నగరమే కదా మాస్టారూ. ముఖాలు తెలియని వేలమంది. డిసెంబర్ 9న మండలిని నిషేధించారు. 11న మాట్లాడుకుందాం రమ్మని పార్లమెంటుకి పిలిచి రాట్స్‌ని అక్కడే అరెస్టు చేశారు.

కార్మికుల రాజ్యం అని చెప్పుకున్నది, కార్మికుల మండలినే అణిచేసింది. నేను ఇంకా సోషలిస్టునే, అది మారదు. కానీ మంచుబాట గారు మొదట అడిగిన ప్రశ్నకి, అవును, క్రోన్‌స్టాట్‌లో చనిపోయింది మావాళ్ళే. ఇది రాయడానికి నాకు చాలా సమయం పట్టింది.

తూనీగ

ఎర్రమందారం గారూ 🙏

లెక్కలమాస్టారు

శత్రువు ప్రశ్నకి సమాధానం నాకు ఇంకా దొరకలేదు. కానీ హంగరీలో ఓడించింది కార్మికుల చేతకానితనం కాదని ఒప్పుకుంటున్నాను. మంచుబాట గారూ, చివర్లో క్రొపోట్కిన్ ఏమయ్యాడు? ఆయన అప్పటికి రష్యాలోనే ఉన్నాడు కదా?

మంచుబాట

ఉన్నాడు మాస్టారూ. మాస్కోకి ఉత్తరాన ద్మిత్రోవ్ అనే చిన్న పట్నంలో, ముసలితనంలో, చలిలో. 1920 మార్చిలో లెనిన్‌కి ఒక లేఖ రాశాడు. మొదలుపెట్టింది సిద్ధాంతంతో కాదు, ఆ ఊరి పోస్టాఫీసు, తంతి ఉద్యోగులు తిండిలేక ఎలా మాడిపోతున్నారో చెప్పి మొదలుపెట్టాడు. ఆ తర్వాతే అసలు సంగతికి వచ్చాడు, నడిపేది సోవియట్లు కాదు పార్టీ కమిటీలు, ఇలాగే సాగితే సోషలిజం అన్న మాటే జనం నోట తిట్టు అయిపోతుందని. డిసెంబర్‌లో ఇంకో లేఖ, మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం చిత్రహింసల కాలానికి తిరిగి పోవడమేనని.

1921 ఫిబ్రవరి 8న పోయాడు. 13న మాస్కోలో అంత్యక్రియలు. జైళ్ళలో ఉన్న అరాజకవాదులను ఆ ఒక్కరోజుకి వదలమని అడిగితే, మళ్ళీ వస్తామని మాట తీసుకుని ఏడుగురిని వదిలారు. వేలమంది నల్ల జెండాలతో నడిచారు. ఊరేగింపు బుతిర్కి జైలు ముందు నుంచి వెళ్తుంటే లోపలున్న ఖైదీలు కిటికీ ఊచలు పట్టుకుని ఊపుతూ పాడారు. క్రోన్‌స్టాట్‌కి అప్పటికి ఇంకా రెండు వారాలే ఉంది.

ఆ ఏడుగురిలో ఆరోన్ బారన్ ఒకడు, సమాధి దగ్గర మాట్లాడాడు. తర్వాత ఏడుగురూ ఇచ్చిన మాట ప్రకారం జైలుకి తిరిగి వెళ్ళిపోయారు. ఆరోన్ భార్య ఫాన్యాని అదే ఏడాది సెప్టెంబర్‌లో చేకా కాల్చి చంపింది. ఆరోన్‌ని జైలు నుంచి ప్రవాసానికి, ప్రవాసం నుంచి జైలుకి పదహారేళ్ళు తిప్పి, 1937లో కాల్చారు.